నివురు గప్పిన నిప్పు: బ్లాస్కెట్ దీవి గ్రంథాలలో శీతకాలం

మన ప్రబంధకవులు హేమంత శిశిరాలను వర్ణించినప్పుడు చలి సాధారణంగా భోగానికి ఒక నెపం. అగరుధూపం, కస్తూరిపూత, మేలి కంబళ్ళు, ప్రియుల కౌగిళ్ళు: ఇవి సిద్ధంగా ఉన్న తరువాతనే చలి కావ్యంలో అడుగు పెడుతుంది. ఈ సామాన్యధర్మానికి ఋతువర్ణనలలో చెప్పుకోదగిన అపవాదం ఆముక్తమాల్యద. వర్షర్తువును వర్ణిస్తూ రాయలు నిప్పుకోసం ఇల్లిల్లూ తిరిగే ఇల్లాలినీ, తడిసిన వంటచెరకుతో ఆమె పడే పాట్లనూ చూపించాడు. అక్కడ ఋతువు అలంకారం కాదు, పొయ్యిదాకా వచ్చిన కష్టం. నిప్పు దొరకడం ఎంత పెద్ద సుఖమో తెలిసినవాడే అటువంటి పద్యం వ్రాయగలడు.

ఆ పొయ్యి దగ్గరనే ఒక వాఙ్మయం పుట్టిన చోటు ఐరోపా పడమటి అంచున ఉంది. ఐర్లండులో కెర్రీ మండలం, డింగిల్ ద్వీపకల్పం కొసకు ఎదురుగా, అట్లాంటిక్ సముద్రంలో గ్రేట్ బ్లాస్కెట్ అనే దీవి. పొడవు సుమారు 6 కిలోమీటర్లు. వెడల్పు ఒక కిలోమీటరుకు కొంచెం ఎక్కువ. జనం బాగా ఉన్న రోజుల్లో కూడా వారి సంఖ్య 200కు చేరలేదు. చర్చి లేదు, వైద్యుడు లేడు, అంగడి లేదు, సారాయి దుకాణం సైతం లేదు. వంటచెరకుకు చెట్టన్నది లేదు. తడినేలలో గడ్డీ నాచూ యుగాల తరబడి కుళ్ళి పేరుకొన్న పీట్ అనే మట్టిని వేసవిలో ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, చలికాలానికి దాచుకోవాలి. అవతలి ఒడ్డుకు దారి నేవోగ్ అనే పడవ: కర్రచట్రానికి తారు పూసిన గుడ్డ బిగించిన తేలికపాటి పడవ. డిసెంబరులో పగలు ఎనిమిది గంటలైనా ఉండదు. మంచు గడ్డకట్టే చలి కాదది. గాలి, వాన, ఉప్పుతుంపర. సముద్రం లేచిందంటే రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు, రాకపోకలుండవు.

ఇంత చిన్న దీవినుండి ఏడెనిమిదేళ్ళ వ్యవధిలో ఐరిష్ భాషలో మూడు ప్రసిద్ధ గ్రంథాలు వెలువడినవి. తోమాస్ ఓ క్రోహన్ ఆత్మకథ ‘దీవి మనిషి’ 1929లోను, మారిస్ ఓ సలివన్ వ్రాసిన ‘ఎదుగుతూ ఇరవై యేళ్ళు’ 1933లోను, పెగ్ సేయర్స్ ఆత్మకథ 1936లోను వచ్చినవి. మూడింటినీ కలిపి చదివినవారికి ఒక ప్రశ్న కలుగక మానదు. ఇంత లేమిలో, ఇంత చీకటిలో, ఈ మనుషులకు ఉల్లాసం ఎక్కడినుండి వచ్చింది? దానిని రచయితలు మాటలలో ఎలా నిలిపారు? ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్నను గురించినది.

మొదట ఒక అపోహను తొలగించాలి. ఓ సలివన్ గ్రంథపు ఆంగ్లానువాదానికి ఇ. ఎం. ఫార్‌స్టర్ పీఠిక వ్రాస్తూ, శిలాయుగ నాగరికతను లోపలినుండి చూపిన రచనగా దానిని మెచ్చుకొన్నాడు. మెప్పు పెద్దదే కాని, అది పాఠకుణ్ణి తప్పుదారి పట్టించింది. దీవిలో 1864 నుండి పాఠశాల ఉంది. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు నుండి బంధువుల ఉత్తరాలూ డబ్బూ వచ్చేవి. ఓ క్రోహన్ నడివయసులో పట్టుబట్టి తన భాషలో చదవడం, వ్రాయడం నేర్చుకొన్నాడు. 1917లో దీవికి వచ్చిన బ్రియన్ కెల్లీ అనే విద్యావంతుడు పియేర్ లోతీ వ్రాసిన ఐస్‌లండు జాలరుల నవలనూ, గోర్కీ బాల్యస్మృతులనూ చదివి వినిపించి, బెస్తవాని జీవితమూ బీదవాని జీవితమూ సాహిత్యం కాగలవని అతనిని ఒప్పించాడు. క్రొవ్విడి లింగరాజు ‘అమ్మ’ను తెనిగించిన నాటినుండి గోర్కీని తన ఇంటివానిగా ఎరిగిన తెలుగు రచయితకు ఈ సంగతి ఆత్మీయంగా తోస్తుంది. ఈ గ్రంథాలు ప్రకృతిశిశువుల పలవరింతలు కావు. తాము ఏమి చేస్తున్నదీ తెలిసి చేసిన రచనలు.

ఓ క్రోహన్ సుఖాన్ని వర్ణించడు. దానిమీద తీర్పు చెప్పడు. తాను చిన్ననాడు పెరిగిన ఇంటిని చెబుతాడు: ఒకే కప్పు క్రింద మనుషులూ ఆవులూ గాడిదా కుక్కా కోళ్ళూ. కోళ్ళు పైకప్పు గడ్డిలో గూడు కట్టుకొనేవి. ఒక ఇంట అందరూ భోజనానికి కూర్చుండగా కప్పులోనుండి కోడిపిల్లలు జారి పడటం, ఒకటి పాలముంతలో పడటం ఆయన కథనంలో గొప్ప హాస్యఘట్టం. చదివేవాడు నవ్వుతాడు, నవ్వుతూనే ఆ ఇల్లు ఎంత ఇరుకో, ఆ ఇరుకులో ఎంత వెచ్చదనముందో గ్రహిస్తాడు. ‘మేము సుఖంగా ఉండేవాళ్ళం’ అనే మాట రచయిత అనవలసిన పని లేదు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తేయాకు పెట్టెల కథ కూడా ఇటువంటిదే. అది దేనికి పనికివస్తుందో ఎరుగని ఆడవారు దానితో పావడాలకు రంగు వేసుకొన్నారు, పందులకు పెట్టారు. అదే తేయాకు ఒక తరం గడిచేసరికి చలికాలపు ప్రాణాధారమైంది. ఇదంతా చెబుతూ రచయిత తన పెద్దలను అపహసించడు, గతాన్ని కీర్తించడు. రెంటికీ నడుమనున్న ఆ సమత్వమే అతని శైలి.

ఈ గ్రంథంలో నాకు కీలకంగా తోచే ఘట్టం చలికాలంలో జరిగినది కాదు, చలికాలంకోసం జరిగినది. ఓ క్రోహన్ యువకుడుగా పీట్ కోయడానికి కొండకు వెళ్ళాడు. దీవికవి డన్లెవీ వచ్చి ప్రక్కన కూలబడి, తాను కట్టిన నల్లమొగం గొర్రె పాట పాడుతాను వినమన్నాడు. పని పాడవుతున్నది, కాదందామంటే కవి ఎక్కడ తనమీద నిందాపద్యం కడతాడోనని భయం. చివరకు విన్నాడు, జేబులోని కాగితం తీసి పాట వ్రాసుకొన్నాడు, ఆనాటి పని పోయింది. శ్రీనాథుని చాటువులు తెలిసిన మనకు కవినోటికి జడిసే ఈ స్థితి క్రొత్త కాదు. అయితే ఇక్కడ పోయినదేమిటో చూడండి. పొయ్యిలోకి చేరవలసిన పీట్! నిప్పుకూ పాటకూ పోటీ వచ్చి, ఆనాటికి పాట గెలిచింది. రచయిత దీనిని విసుగుతోనే చెబుతాడు. కాని వ్రాసుకొన్న కాగితాన్ని పారవేయలేదు. చలికాలాన్ని దాటించడానికి ఆ రెండూ కావాలని ఆ దీవికి తెలుసు. ఏది ముందన్నదానిమీదనే వారికి తగవు.

ఓ సలివన్ పద్ధతి వేరు. అతడు 1904లో పుట్టినవాడు; పోలీసు ఉద్యోగంలో చేరి దీవికి దూరంగా ఉండి ఈ గ్రంథం వ్రాశాడు. నవంబరు 1వ తేదీకి ముందురాత్రి, చలికాలానికి ద్వారం తెరిచే పండుగనాడు, పిల్లలు దీపం పట్టుకొని చీకటిలో పక్షుల వేటకు పోవడం, తిరిగివచ్చి ఒక ఇంట చేరి వండుకొని తిని ఆడి పాడటం అతని గ్రంథంలో మిక్కిలి మెరిసే అధ్యాయం. ఓ క్రోహన్ వాక్యం పొదుపైనది. ఓ సలివన్ వాక్యం పరుగెత్తుతుంది, వెలుగుతుంది. దూరమయినవాడికి వెనుకటి వెలుగు ఎక్కువగా కనబడటం సహజం. అందుచేత ఈ గ్రంథం అందమైనది. అందుచేతనే, ఒక్కొక్కచోట, ఓ క్రోహన్ కంటె తక్కువ నమ్మదగినది. చలి ఇక్కడ కొంతవరకు మళ్ళీ నెపమైంది.

పెగ్ సేయర్స్ విషయం విచారింపదగినది. 1873లో ఎదుటి ఒడ్డున పుట్టి, పెళ్ళితో దీవికి వచ్చిన ఈమె గొప్ప కథకురాలు. ఐరిష్ జానపద సంఘం పక్షాన షోసెఫ్ ఓ డాలీ ఈమెనుండి మూడు వందలకు పైగా కథలు సేకరించాడు. చలికాలపు రాత్రులే కథకు తగిన కాలమని, పగటిపూట కథ చెప్పరాదని అక్కడి పల్లెల నమ్మకం. ఆ రాత్రులలో ఈమె ఇల్లు నిండిపోయేది. కాని కొడుకుచేత వ్రాయించిన ఆత్మకథ చదివితే మన కెదురయ్యేది మరొక స్త్రీ: భగవత్సంకల్పానికి తలవంచిన, పిల్లలను పోగొట్టుకొన్న, నిట్టూర్చే వృద్ధురాలు. ఐర్లండు పాఠశాలలు దశాబ్దాలపాటు ఆ పుస్తకాన్ని పాఠ్యగ్రంథం చేసినవి. అందువల్ల తరతరాల విద్యార్థులకు ఆమె పేరు దిగులుకు మారుపేరయింది. సేకర్తలు ఎరిగిన పెగ్ చతుర, హాస్యప్రియ. ఈ తేడాకు కారణం ఆమె దుఃఖం మాత్రమే కాదు. చుట్టూ కూర్చున్న ఇరుగుపొరుగుకు చెప్పే నోరు వేరు, అచ్చుకోసం చెప్పే నోరు వేరు. ఎదుట శ్రోత లేనప్పుడు ఉల్లాసం మొదట పోతుంది, నీతి మిగులుతుంది.

ఓ క్రోహన్ గ్రంథానికీ ఈ నష్టం కొంత తప్పలేదు. ‘డేగ’ అనే కలంపేరుతో ప్రసిద్ధుడైన సంపాదకుడు గ్రామ్యమని తోచిన హాస్యాన్ని 1929 ప్రతినుండి తీసివేశాడు. రాబిన్ ఫ్లవర్ 1934లో చేసిన అందమైన ఆంగ్లానువాదానికి ఆధారం ఆ ప్రతియే. షాన్ ఓ కోలాన్ పరిష్కరించగా 2002లో వెలువడిన ప్రతితో తొలగించిన భాగాలు తిరిగి చేరినవి. 2012లో సంపూర్ణ ఆంగ్లానువాదమూ వచ్చింది. సంపాదకుణ్ణి ఒక్క తప్పుకే పట్టి నిందించడం న్యాయం కాదు. అతడు అడగనిదే పాత ఇళ్ళ వర్ణన మనకు దక్కేది కాదు. కాని ఒక జాతికి గౌరవం తేవాలనే ఆతురతలో ఆ జాతి నవ్వును కత్తిరించడం మనమూ ఎరిగిన జబ్బే. మన జానపదగేయాలను అచ్చువేసిన పెద్దలు ఎన్ని చరణాలను మర్యాదకోసం విడిచిపెట్టారో తలచుకొంటే చాలు.

ఈ దృష్టితో చూచినప్పుడు ఓ క్రోహన్ రచనలలో తక్కువ ప్రసిద్ధమైన దీవి సంభాషణల దినచర్య, 1928లో వెలువడినది, నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. అందులో కథ లేదు. గాలి ఎటు వీస్తున్నది, పొగాకు ఎవరి దగ్గర మిగిలింది, పడవ ఎప్పుడు కదులుతుంది, ఎవరు ఎవరిని ఏమన్నారు: ఇంతే. పొగాకు లేక విలవిలలాడే మనిషిమీద విసిరిన చతురోక్తి ఆ పూటకు ఇంటిల్లిపాదికీ విందు. మన ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే, ఈ ఉల్లాసానికి చలి ఉద్దీపనం మాత్రమే. ఆలంబనం ఎదుటి మనిషి. ఒంటరిగా పొయ్యి ముందు కూర్చుని సుఖించినవాడు ఈ గ్రంథాలలో నాకు కనిపించలేదు.

దీనికి చరిత్రయే సాక్ష్యం. పడవ తెడ్లు వేయడానికి ముగ్గురో నలుగురో బలమైనవారు కావాలి. యువజనం అమెరికాకు పోతూనే ఉన్నారు. 1941లో పాఠశాల మూతబడింది. 1942లో పెగ్ దీవి విడిచింది. 1947 ఆరంభంలో తుఫానులవల్ల వైద్యుడు అందక ఒక యువకుడు మరణించాడు; ఆ సంవత్సరమే తిండి లేదని దీవివారు ప్రధానికి తంతి పంపవలసివచ్చింది. 1953లో ప్రభుత్వం మిగిలిన 22 మందిని ఎదుటి ఒడ్డుకు తరలించే ఏర్పాటు చేసింది. గాలి మారలేదు, చీకటి పెరగలేదు, పీట్ తరగలేదు. చలికాలం తాతలనాటిదే; కలిసి భరించే మనుషులే తగ్గిపోయారు. ప్రకృతి ఒడిలో ఆనందమని ఈ గ్రంథాలను పొగడేవారు 1947ను చదువుకోవాలి. అక్కడి సుఖం ప్రకృతి ఇచ్చినది కాదు. ఇల్లిల్లూ తిరిగి మనుషులు సంపాదించుకొన్నది.

తెలుగు రచయితకు ఇందులో పాఠం ఉన్నది. గిడుగు రామమూర్తి సవరల నోటినుండి కథలూ పాటలూ విని వ్రాసుకొన్నప్పుడు, లిపి లేని ఆ భాషకు నిఘంటువూ వ్యాకరణమూ కూర్చినప్పుడు, చేసిన పని ఓ డాలీ చేసిన పనివంటిదే. అటువంటి సేకరణ ఈనాడూ సాగుతున్నది. కాని కథను మాత్రమే తెచ్చుకొని, కథ నడుమ ఊఁ కొట్టినవాడినీ, అడ్డుతగిలిన ముసలమ్మనూ, నవ్వి చెడగొట్టిన కుర్రవాడినీ అక్కడే విడిచి వస్తే మనకు దక్కేది చల్లారిన బొగ్గు. ఓ క్రోహన్ ఘనత ఏమిటంటే, కూర్చున్నవారందరినీ కథతోపాటు కాగితంమీదికి తెచ్చాడు.

ఐర్లండు పల్లెలలో పడుకొనేముందు ఇల్లాలు పొయ్యిలోని నిప్పును బూడిదతో కప్పి, ప్రార్థన చెప్పి, తెల్లవారి దానినే మళ్ళీ రాజేసేది. నివురు గప్పిన నిప్పు అంటే మనకు దాగిన ప్రమాదం. వారికి అది రేపటి భరోసా. బ్లాస్కెట్ ఇళ్ళలో ఈనాడు చాలావాటికి కప్పు లేదు. ఆ పొయ్యిల నిప్పు ఈ పుస్తకాలలో ఉన్నది. అయితే దానిని రాజేయడానికి ఒక్కడు చదువుకోవడం చాలదు, మరొకరికి చదివి వినిపించాలి.