ఇద్దరు రోగుల మీద నిలిచిన తీర్పు

స్కానింగులో అవయవాలు స్పష్టంగా కనిపించాలని రక్తనాళంలోకి అయోడిన్ కలిసిన కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తారు. అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి దీనివల్ల మరింత హాని జరగవచ్చని వైద్యుల భయం. ఎసిటైల్‌సిస్టీన్ అనే చవకైన మందు ఆ హానిని నివారిస్తుందని 2000లో జర్మనీ పరిశోధకులు 'న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ప్రకటించారు. అనేకమంది వైద్యులు దాన్ని వాడసాగారు.

ఆ ప్రయోగాన్ని కాస్త పరిశీలిద్దాం. మొత్తం రోగులు 83 మంది. 48 గంటల్లో రక్తంలో క్రియాటినిన్ డెసిలీటరుకు కనీసం 0.5 మిల్లీగ్రాములు పెరిగితే హాని జరిగినట్లు లెక్క. మందు వాడిన 41 మందిలో ఒకరికి, వాడని 42 మందిలో 9 మందికి అలా పెరిగింది. మందుకు ఏ ప్రభావమూ లేకున్నా, కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా గానీ ఇంతకు మించిన తేడా గానీ రాగల సంభావ్యతను 'పి-విలువ' అంటారు. ఇక్కడ అది సుమారు 0.01. ఇది 0.05 కన్నా తక్కువైతే ఫలితాన్ని సార్థకంగా భావించడం ఆనవాయితీ.

ఇప్పుడు మందు వాడినవారిలో ఒకరికి బదులు ముగ్గురికి హాని జరిగిందనుకోండి. ఫిషర్ పరీక్షతో లెక్కకడితే పి-విలువ 0.05 దాటిపోతుంది! అంటే ఆ తీర్పు ఇద్దరు రోగుల మీద నిలిచి ఉందన్నమాట. క్రియాటినిన్ స్వతహాగానే కొంత హెచ్చుతగ్గులకు లోనవుతుంది కనుక, ఇద్దరు ఆ గీత దాటడం వింతేమీ కాదు. ఇలా ఎందరి ఫలితం మారితే సార్థకత పోతుందో ఆ సంఖ్యకు 2014లో వాల్ష్, ఆయన సహచరులు 'ఫ్రెజిలిటీ ఇండెక్స్' అని పేరు పెట్టారు. పెళుసుదనపు సూచిక అనుకోవచ్చు. వారు పరిశీలించిన 399 ప్రయోగాల్లో నాలుగో వంతుకు ఇది 3 లేదా అంతకన్నా తక్కువే.

మరి అసలు నిజమేమిటి? 2011లో బ్రెజిల్‌లో 2,308 మందిపై జరిపిన ప్రయోగంలో మందు వాడినవారిలోనూ, వాడనివారిలోనూ 12.7 శాతం మందికే హాని కనిపించింది. 2018లో వెలువడిన 'ప్రిజర్వ్' ప్రయోగంలో మరణం, డయాలిసిస్, మూత్రపిండాల పనితీరులో కొనసాగిన క్షీణత కలిపి లెక్కించారు. మందు వాడిన 2,495 మందిలో 114, వాడని 2,498 మందిలో 112. మందు వల్ల ప్రయోజనం లేదని తేలిపోయింది.

అయితే ఈ సూచికకూ లోపాలున్నాయి. అదీ ఆ 0.05 గీతనే నమ్ముకుంది. ప్రయోగం నిర్వహణలోని పక్షపాతాన్ని అది పట్టుకోలేదు. చిన్న ప్రయోగం చేయడం తప్పు కాదు. అది ఒక ప్రశ్నను లేవనెత్తుతుంది. ఆ ప్రశ్ననే జవాబుగా స్వీకరించడం తప్పు. కొత్త మందు గురించి చదివినప్పుడు పి-విలువతో ఆగిపోకండి. రోగులెందరు, హాని ఎందరికి, మధ్యలో లెక్కకు అందకుండా పోయినవారెందరు అని అడగండి. అలా పోయినవారి సంఖ్య సూచికను మించితే, ఆ తీర్పును ఇంకా తీర్పు అనలేము.