పాటిదిబ్బను అడిగితే చెబుతుంది

నూజివీడు చుట్టుపక్కల ఏ ఊరి పెద్దను కదిపినా చిన్నరసాల గురించి గంటసేపు చెబుతారు. ఏ తోట ఎవరి తాత వేశాడో నోటిమీదే ఉంటుంది. అసలు ఊరు కట్టిందెవరని అడిగితే మాత్రం ‘అప్పారావుగారి జమీ నాటినుంచీ ఉంది’ అని తేల్చేస్తారు. ఆ మేకావారి జమీందారీకి ముందూ ఇక్కడ మనుషులున్నారు. వాళ్ల జాడ పట్టాలంటే కాగితాన్నీ నేలనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

కాగితాల్లో మొదటిది కైఫీయతు, అంటే ఊరి చరిత్ర రాసిన పత్రం. 1821లో చనిపోయేదాకా కర్నల్ కాలిన్ మెకంజీ ఊరూరి చరిత్రలు సేకరించాడు. ఆ పనికి వెన్నుదన్ను మన ఏలూరుకు చెందిన కావలి సోదరులు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోతే, తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నాడు. కరణాల ఇళ్లలో తరతరాలుగా వస్తున్న ఊరి లెక్కల పుస్తకాలు, దండకవిలెలే చాలా కైఫీయతులకు ఆధారం. తరవాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు రాయించాడు.

కైఫీయతును మొదటి వాక్యం నుంచీ నమ్మకూడదు, కథలున్నాయని పారేయనూ కూడదు. యుగాల ముచ్చట దాటి పొలిమేరలు, చెరువులు, గుడి మాన్యాల దగ్గర నిదానించాలి. మాన్యం లెక్కలో రాయించినవాడి స్వార్థం ఉండొచ్చు. అందుకే దాన్ని 1860ల నాటి ఇనాం రిజిస్టరుతోనూ, గుడి దగ్గర శాసనముంటే దానితోనూ పోల్చాలి. జమీందారీ ఊళ్లు కాబట్టి 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరవాత తయారైన సెటిల్‌మెంట్ అడంగలు కూడా చూడాలి. పొలాల పాత పేర్లు, పూడిపోయిన కుంటలు అందులో బయటపడతాయి.

ఇక నేల. ఎర్రమెట్టల మధ్య బూడిదరంగు మన్ను ఎత్తుగా కనబడితే అది పాటిదిబ్బ, అంటే పాడుబడిన పాత ఊరి దిబ్బ, కావచ్చు. వానలు పడ్డాక నడిస్తే కుండపెంకులు పైకి తేలి ఉంటాయి. లోపలా అంచునా నలుపు, బయట కిందిభాగం ఎరుపు ఉన్న పెంకు దొరికిందంటే ఆగి చూడాలి. కుండను బోర్లించి కాల్చితే గాలి ఆడనిచోట నల్లబడి, ఆడినచోట ఎర్రబడుతుంది. ఇనుపయుగం నుంచి శాతవాహనుల నాటిదాకా ఇలాంటి కుండలు వాడారు. ఒక్క పెంకుతో ఊరి వయసు తేలదు. రకరకాల పెంకులు, పాత ఇటుక, పూసలు ఒకేచోట కనబడితేనే మాట్లాడాలి. ఇదే ఏలూరు జిల్లాలో గుంటుపల్లి బౌద్ధ గుహలకూ, శాలంకాయనుల పెదవేగికీ పేరొచ్చింది. చిన్న ఊళ్ల దిబ్బల వంక చూసేవాళ్లే తక్కువ.

ఆ దిబ్బలూ తరిగిపోతున్నాయి. పాటిమన్ను బలమని రైతులు ఎప్పటినుంచో బళ్లకెత్తి చేలకు తోలుకున్నారు. ఇప్పుడు జేసీబీ వస్తే పూటలో చదును. అందుకే పెంకును ఇంటికి తెచ్చుకోకుండా, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, సర్వే నంబరు రాసుకోవాలి. చోటు తెలియని పెంకు దేనికీ సాక్ష్యం కాదు. నాణేలో, లోహ విగ్రహాలో బయటపడితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

ఇదంతా మా ఊరు పాతదని గొప్ప చెప్పుకోడానికి కాదు. దిబ్బ ఒకచోట, నేటి ఊరు మరోచోట ఉంటే ఊరు కదిలిందేమోనని అనుమానించాలి. కరువో, దోపిడీయో, చెరువు తెగడమో కారణం కైఫీయతులో దొరకొచ్చు. నీటికోసం బోర్లు ఇంకా లోతుకు దించుతున్న ఈ మెట్టలో, పూర్వులు ఏ కుంటను నమ్ముకుని ఇళ్లు కట్టుకున్నారో తెలియడం తోట రైతుకూ పనికొచ్చే సంగతే.