ఘాటీ ఎక్కించే చెవి

సాలూరు దాటి సుంకి వైపు ఘాటీ మొదలవగానే పాత లారీ నడిపే డ్రైవరు పాటలు ఆపేస్తాడు. ఇక వినాల్సింది ఇంజన్‌నే. ఆ బళ్లలో పొగ వేడి చూపే మీటరుండదు. డీజిల్ ఎక్కువై గాలి చాలకపోతే సైలెన్సర్‌లోకి పోయే పొగ విపరీతంగా కాగుతుంది. పిస్టన్లేమో అల్యూమినియం మిశ్రమం. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది.

అందుకే అతని చూపు అద్దంలోని పొగ మీద. నల్లబడిందా, యాక్సిలరేటర్ మీద కాలు కాస్త సడలుతుంది. మలుపు రాకముందే గేరు తగ్గిస్తాడు. బండి మూలిగాక మార్చేవాడు ఇంకా నేర్చుకుంటున్నవాడే. తక్కువ గేరులో ఇంజన్ జోరుగా తిరిగి గాలి బాగా పీల్చుకుంటుంది, అదే లోడుకి వేడి తగ్గుతుంది.

పైకెక్కి టీకొట్టు దగ్గర ఆగినా, టర్బో బండైతే వెంటనే ఇంజన్ కట్టెయ్యడు. రెండు మూడు నిమిషాలు అలా తిరగనిస్తాడు. లేకపోతే కాగిన టర్బోలో ఆయిల్ మాడి బేరింగు పాడవుతుంది. ఎంత ఆకలి మీదున్నా ఆ కాసేపు ఆగే ఓపికకి నేను దణ్ణం పెడతాను.

లారీలకు పేరుపడ్డ సాలూరులో ఈ విద్య క్లీనరుగా ఉన్నప్పుడే అబ్బుతుంది. ఘాటీలో మీ కారు ముందు లోడు లారీ మెల్లగా ఎక్కుతుంటే దయచేసి హారన్ కొట్టకండి, అతన్ని ఇంజన్ విననివ్వండి.