వాసాల ఇంటి మాట, స్లాబు ఇంటి మాట

గోదావరి జిల్లాల మండువా లోగిలిలో నిలబడి తలెత్తి చూస్తే కనిపించే ప్రతి కొయ్యకీ ఒక పేరుంది. గోడ నుంచి గోడకి అడ్డంగా పడుకున్నది దూలం. కొప్పు నుంచి కిందికి వాలినవి వాసాలు. గోడ దాటి బయటికి వంగిన అంచు చూరు. దూలాల మీద సామాను దాచుకునేది అటక. పూరింటికైతే నడిమధ్య కప్పు బరువంతా మోసే నిట్రాడు. రాయలసీమ మట్టిమిద్దెలో వాసాలు వాలవు. దూలాల మీద దంతెలు పరిచి, ఆపైన చవుడు కొడతారు. కప్పు మారినా పద్ధతి ఒకటే. ముక్కకో పేరు.

స్లాబు ఇంట్లో తలెత్తితే కనిపించేది తెల్లటి పలక. దానికున్నది ఒకే మాట. అందుకే పాత ఇళ్లతోపాటు మన నిర్మాణ పదజాలమూ పోయిందని చాలామంది బాధపడతారు. ఆ బాధ నాకూ తెలిసినదే. అయినా ఆ తీర్పుతో నేను ఏకీభవించలేను.

కొయ్య ఇల్లు విడి ముక్కల కూర్పు. ఒక కొయ్య కొసను సన్నగా చెక్కి, రెండో కొయ్యలో తొలిచిన బెజ్జంలో దిగ్గొడతాడు వడ్రంగి. ఇరవై ఏళ్లకి చెదపట్టిన వాసాన్ని ఊడదీసి కొత్తది ఎక్కించవచ్చు. మార్చాల్సింది ఏదో చెప్పాలంటే దానికో పేరుండాలి. కాంక్రీటు అలా కాదు. బీము, స్లాబు కలిసి గట్టిపడ్డాక అది ఒకటే శరీరం, అందులోంచి ఏదీ విడిగా ఊడిరాదు. కాబట్టి అక్కడ పేర్లు అవసరమయ్యేది గట్టిపడకముందే. సెంట్రింగ్ కొట్టడం, రాడ్ బెండింగ్, స్లాబు వెయ్యడం, క్యూరింగ్, సెంట్రింగ్ విప్పడం, ప్లాస్టరింగ్, ఆఖరున లప్పం పెట్టడం. వాసాల ఇంటి భాషలో నామవాచకాలు ఎక్కువైతే, స్లాబు ఇంటి భాష పనుల వరస మీద నడుస్తుంది. అందులో రోజుల లెక్క ఉంటుంది. మామూలు సిమెంటు వాడితే, నాలుగున్నర మీటర్ల లోపు వెడల్పున్న స్లాబు కింది పోట్లు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు తియ్యకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఆ పుస్తకం చూడని మేస్త్రి కూడా ఇల్లుగలాయన తొందరపెడితే, "ఇంకా సెట్ కాలేదండీ, ఇప్పుడే విప్పకూడదు" అంటాడు.

కొత్త భాషలో వస్తువుల పేర్లు లేవా అంటే బోలెడున్నాయి. స్లాబు వెయ్యబోయే ముందురోజు సెంట్రింగ్ పలకల మీదికెక్కితే తెలుస్తుంది. కమ్మీల గడి కింద అక్కడక్కడా చిన్న సిమెంటు బిళ్లలు పెట్టి ఉంటాయి. అవి కవర్ బ్లాకులు. ఇనుము పలకకి ఆనుకోకుండా రెండు సెంటీమీటర్ల ఎత్తున నిలపడమే వాటి పని. అవి పెట్టకపోతే కమ్మీ అడుగుకి దిగిపోతుంది, కొన్నేళ్లకి తుప్పు పట్టి ఉబ్బి స్లాబు పెచ్చులుగా రాలుతుంది. బీములో నిలువునా వరసగా కట్టినవి రింగులు. వాటిని కమ్మీలకి బిగించేది బైండింగ్ వైరు. మర్నాడు సాయంత్రానికి ఇవన్నీ కాంక్రీటులో మునిగిపోతాయి, మళ్లీ ఎవరికీ కనిపించవు.

అసలు తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. వాసం పేరు వడ్రంగికీ తెలుసు, ఆ ఇంట్లో భోజనానికి కూర్చున్న చుట్టానికీ తెలుసు. తలెత్తితే కనిపిస్తుంది కాబట్టే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అనే మాట పుట్టింది. చూరు పట్టుకు వేలాడటం, గడప తొక్కకపోవడం కూడా అలా వచ్చినవే. రింగుల్ని లెక్కపెట్టగల చుట్టం ఎవరున్నారు? ఒక పదజాలం పనివాడి నోటి నుంచి ఇంటివాళ్ల నోటికి పాకి నుడికారమైంది. రెండోది అంతే చిక్కగా ఉన్నా పనివాళ్ల మధ్యే ఉండిపోయింది.

సున్నానికీ సిమెంటుకీ మధ్య కూడా ఒక తేడా ఉంది. గాడిలో ఎద్దులు రాతిచక్రాన్ని తిప్పుతుంటే ఇసుకతో నలిగిన గానుగ సున్నాన్ని తెలంగాణలో డంగు సున్నమంటారు. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. 1591 నాటి చార్మినార్ సున్నపు పనే. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి రాయిగా మారుతుంది. సిమెంటు నీటితో కలిసి గట్టిపడుతుంది, అందుకే దాన్ని రోజూ తడపాలి. అక్కడ ఓపిక, ఇక్కడ కాపలా. అలాగని బంధుత్వం లేకపోలేదు. రెంటికీ తాపీ మేస్త్రి కలిపేది మాలే. ఒకటికి ఆరు పాళ్లంటూ పాళ్లు చెప్పే పద్ధతీ రెంటికీ ఒకటే.

వస్తువుల పేర్లకీ పనుల వరసకీ ఉన్న తేడా పండగలోనూ కనిపిస్తుంది. ముహూర్తం చూసి, పసుపు కుంకుమలు పెట్టి, మామిడాకులు కట్టి గుమ్మం ఎత్తడం ఒక వస్తువుకు చేసే పూజ. స్లాబు వేసే రోజు కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర కొబ్బరికాయ కొట్టడం, పని ముగిశాక అందరికీ భోజనం పెట్టడం ఒక పనికి చేసే పూజ. స్లాబు వెయ్యడం మధ్యలో ఆపితే పాత కాంక్రీటుకీ కొత్తదానికీ అతుకు సరిగ్గా పడదు, రేపు అక్కడే నీరు కారుతుంది. ఆ రోజంతా ఒక్క బిగిన పనిచేసినవాళ్లకి ఆ భోజనం న్యాయమైనది. పాత ఆచారమంత గౌరవం దానికీ దక్కాలి.

కొత్త భాష అంతా ఇంగ్లీషేనన్న ఫిర్యాదుకి నా జవాబు పాత భాషలోనే ఉంది. మేస్త్రి పోర్చుగీసు మాట. దర్వాజా పారసీకం నుంచి వచ్చింది. పనిస్థలం ఏనాడూ మాటలకి మడి కట్టలేదు. ఇంగ్లీషులో సెంటరింగ్ అంటే ముఖ్యంగా కమాను కట్టేటప్పుడు కింద నిలిపే కొయ్యచట్రం. మన దగ్గర చదునైన స్లాబు కింది పలకలకీ అదే పేరు నిలిచింది. సున్నపు కమానుల కాలపు మాట ఇలా కాంక్రీటులోకి నడిచొచ్చింది. తాపీ, రసమట్టం, మూలమట్టం, తూకం గుండు రెండు కాలాల్లోనూ అవే పేర్లతో ఉన్నాయి. చెదతిన్న దూలాన్ని వడ్రంగి వేలితో కొట్టి గుల్లయిందంటాడు. గోడ పట్టు వదిలిన ప్లాస్టరింగ్‌ని మేస్త్రి తాపీ పిడితో కొట్టి, చెవి దగ్గరపెట్టి, గుల్ల మోగుతోందంటాడు.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాల్లో భాగంగా బూదరాజు రాధాకృష్ణ వాస్తు పదకోశం తయారుచేశారు. వాసాల ఇంటి భాషకి అంతటి సేవ జరిగింది. స్లాబు ఇంటి భాషకీ అది జరగాలి, త్వరగా జరగాలి. హైదరాబాదులో ఇప్పుడు ఒడిశా, బీహారు పనివాళ్ల మాటలు పాలమూరు కూలీల మాటలతో కలుస్తున్నాయి, మాలు మసాలా అవుతోంది. కుర్రతనంలో గానుగ సున్నంతో పనిచేసి, తర్వాత సెంట్రింగ్ పలకలెక్కిన ముసలి మేస్త్రీలు ఇంకా కొందరున్నారు. రెండు భాషలూ సొంతంగా వచ్చినవాళ్లు వాళ్లే. పదకోశం రాయబోయేవాళ్లు ముందు వెళ్లాల్సింది వాళ్ల దగ్గరికి.