అవ్వ వేలికి తెలిసిన రిమోట్

చిత్తూరులో మా అవ్వకు చూపు మందగించి చాన్నాళ్లయింది. అయినా మధ్యాహ్నం 12 గంటలకు శ్రీవారి కల్యాణోత్సవం చూడాలంటే టీవీలో ఎస్వీబీసీ ఛానల్ పెట్టమని ఎవరినీ పిలవదు. పాత రిమోట్ తీసుకుని, 5 అంకె మీదున్న చిన్న బుడిపెను బొటనవేలితో తడుముతుంది. అది దొరికితే పైన 2, కింద 8, అటూ ఇటూ 4, 6 దొరికినట్టే. మెత్తటి రబ్బరు మీట లోపలికి దిగి, వేలిని మళ్లీ పైకి నెడుతుంది. పనయిందని కంటికన్నా ముందు వేలికే తెలుస్తుంది. కొత్త రిమోట్ సన్నగా, ముచ్చటగా ఉంది. మైకు నొక్కి అడిగితే పాట వెతికిపెడుతుంది, చదువురాని వాళ్లకు అది వరమే. కానీ తెర మీద బొమ్మలు చూసుకుంటూ బాణం మీటలు నొక్కుకుంటూ పోవాలంటే చూపుండాలి. అందుకే పాతది మొరాయిస్తే బజారులో బాగుచేసే అన్న దగ్గరికి పరిగెత్తుతాను. ఆయన డొక్క విప్పి, రబ్బరు పొర కింది నల్లటి కార్బన్ చుక్కలనూ బోర్డునూ స్పిరిట్ అద్దిన దూదితో సుతారంగా తుడుస్తాడు. సెల్లుల స్ప్రింగుకు పట్టిన చిలుము గీకేస్తాడు. ఫోన్ కెమెరా ముందు మీట నొక్కగానే, మామూలు కంటికి కనబడని వెలుగు తెర మీద ఊదారంగులో మిణుకుమంటుంది. "ఇంగ బాగుంది, అవ్వకియ్యిపో" అంటాడు. ఇంటికొచ్చి చేతిలో పెట్టగానే అవ్వ బొటనవేలు నేరుగా బుడిపె మీదికే పోతుంది. మరుక్షణం ఇంట్లో మంగళవాయిద్యాలు మోగుతాయి.