ఏడుపుతో మొదలయ్యే ఆనందపు ఆదివారం

ఈస్టర్ తర్వాత మూడో ఆదివారాన్ని జర్మనీ లూథరన్లు నేటికీ ‘యుబిలాటె’ అంటారు. లాటిన్‌లో ‘ఉత్సహించండి’ అని. ఆనాటి ఆరాధన మొదట్లో పాడే 66వ కీర్తన ఆ మాటతోనే మొదలవుతుంది. లైప్‌జిగ్ నగరపు వసంతకాల వర్తక సంతకూ ఈ పేరే ఉండేది.

అయితే పాత పాఠక్రమంలో ఆ రోజు చదివేది యోహాను సువార్త 16వ అధ్యాయం. మీరు ఏడుస్తారు, ఆ దుఃఖమే సంతోషంగా మారుతుందని యేసు శిష్యులకు చెప్పే ఘట్టం. రోజు పేరులో సంతోషం, పాఠంలో ముందుగా కన్నీళ్లు. స్వరకర్త యొహాన్ సెబాస్టియన్ బాఖ్ ఆ రోజు కోసం రాసిన ఒక కాంటాటాను, అంటే వాద్యాలతో పాడే ఆరాధన గానాన్ని, సరిగ్గా ఈ రెండింటి నడుమే కట్టాడు.

అది ‘వైనెన్, క్లాగెన్, జోర్గెన్, జాగెన్’, అంటే ఏడవడం, విలపించడం, చింతించడం, జంకడం. 1714 ఏప్రిల్ 22న వైమార్ కోటలోని ప్రార్థనాలయంలో మొదటిసారి పాడారు. మన సన్నాయిలా పీక పెట్టి ఊదే ఓబో దారి చూపాక బృందగానం అందుకుంటుంది. అడుగున మంద్రంలో ఒక చిన్న స్వరవరుస అర్ధస్వరం చొప్పున దిగుతుంది, అడుగంటగానే మళ్లీ పైనుంచి మొదలవుతుంది. పైన నాలుగు గొంతులు ఒక్కో మాటనూ సాగదీస్తూ, పక్క గొంతుతో ఒరుసుకుంటూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. బాఖ్ చివరి ఏళ్లలో బి మైనర్ మాస్ కూర్చినప్పుడు, క్రీస్తు సిలువ ఘట్టానికి ఈ బృందగానాన్నే తిరిగి మలచుకున్నాడు. అక్కడ ఆ మంద్రపు వరుస 13 సార్లు వినిపిస్తుంది.

అంతకన్నా నన్ను కట్టిపడేసేది తర్వాత వచ్చే టెనర్ పాట. బాధలో నమ్మకంగా ఉండమని గాయకుడు చెబుతుంటే, ట్రంపెట్ మాటల్లేకుండా ‘యేసూ, నా ఆనందమా’ అనే సంఘకీర్తన బాణీ పలికిస్తుంది. ఆ కీర్తన వచ్చినవారికి మాటలు వాటంతటవే గుర్తొస్తాయి. ఆనందం అనే మాట ఎవరి నోటా రాకుండానే వచ్చి చేరుతుంది. ఎంత నేర్పు!

అమెరికాలో 1978 నాటి ‘లూథరన్ బుక్ ఆఫ్ వర్షిప్’ అనే ఆరాధన పుస్తకంలో యుబిలాటె ‘ఈస్టర్ నాలుగో ఆదివారం’ అయింది. ఈస్టర్ ఒక్క రోజుతో అయిపోదని, వారాల తరబడి సాగే పండుగని ఈ లెక్క చక్కగా చెబుతుంది. ఆ మేలు కాదనలేం. కానీ అక్కడి మూడేళ్ల పాఠక్రమంలో ఆ రోజు మంచి కాపరి పాఠం వస్తుంది. పేరూ పాఠమూ రెండూ మారాక బాఖ్ కన్నీళ్లతో ఎందుకు మొదలుపెట్టాడో వినేవారికి ఎలా అందుతుంది?

మన సంఘాల్లో మట్టల ఆదివారం అంటే చాలు, చేతిలో ఏం పట్టుకోవాలో పిల్లలకూ తెలుస్తుంది. అలాంటి పేర్లు పనిచేస్తాయి. ఆరాధన పత్రంలో అంకె వేసేవారు పక్కనే పాత పేరు కూడా వేయాలి. ఈ కాంటాటా వినాలనుకునేవారు ముందు యోహాను 16వ అధ్యాయం చదివి, ఆపైన వినండి.