'టెస్' నవల — విధియుఁ గౌలును

ఆంగ్ల నవలాకారుఁడగు థామస్ హార్డీ 1891లోఁ బ్రకటించిన 'టెస్ ఆఫ్ ది డర్బర్‌విల్స్' కథను విధివిలాసమని చెప్పుట పరిపాటి. ఈ మాట సగమే నిజము.

పాణినీయమునఁ గర్తచేఁ బని చేయించువానికిఁ గర్తయనియు హేతువనియు రెండు సంజ్ఞలు గలవు. ఈ కథయందుఁ గర్త విధియైనను గావచ్చును; హేతువు కౌలు.

నాయిక తండ్రి చిల్లర బేరగాఁడు. ఆ కుటుంబమునకు గుఱ్ఱ మొక్కటే యాధారము. తెల్లవాఱక మునుపే తేనెటీగల గూళ్లను సంతకుఁ గొనిపోవు త్రోవలో టపాబండి తగిలి యది చచ్చెను. ఆ నష్టము పూడ్చుటకే టెస్ కొలువునకుఁ బోయెను.

వారి యిల్లు మూఁడు జీవితముల కౌలుది. అనఁగాఁ బత్రమునఁ బేర్కొన్న ముగ్గురిలోఁ గడపటివాఁడు బ్రదికినంతవఱకే చెల్లును. ఆ కడపటివాఁడు తండ్రి. ఆయన మరణముతో గడువు తీఱెను. కౌలుకు సేద్యము చేయు రైతునకుఁ దన పనివాండ్రకై యా యిల్లు కావలసియుండెను. వారపుటద్దెకైనను నుండనీయకుండుటకు టెస్ నడత నెపమయ్యెను. కౌళ్లు మాఱు ప్రాత 'లేడీ డే' నాఁడు, ఏప్రిలు 6వ తేదిని, తల్లియుఁ బిల్లలును బండి యెక్కిరి. కింగ్స్‌బియర్‌లో మాటాడుకొన్న గదులు సయిత మన్యులకుఁ బోయెను. పూర్వుల సమాధులున్న చర్చి గోడచెంత మంచము వేసికొనిరి. టెస్ తాను రోసిన యాలెక్‌కు మరల లోఁబడుట దీని తరువాతనే.

గుఱ్ఱపుఁజావు యాదృచ్ఛికము గదా యందురేని, నిజమే. ఒక గుఱ్ఱము చచ్చినంతనే సంసారము కూలుట మాత్రము యాదృచ్ఛికము గాదు. విధిని నిందించి యూరకుండు పాఠకుఁడు కౌలుపత్రమును జదువని పాఠకుఁడు.